కథలో డబ్బు చేతులు మారే చోట ఆగండి

ప్రశ్న: నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. వడ్డీ రేట్లు, ద్రవ్యోల్బణం, తలసరి ఆదాయం వంటి మాటలు రోజూ వార్తల్లో వింటున్నాను కానీ వాటి వెనక ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకం రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ గిరాకీ, సరఫరా రేఖల దగ్గరే ఆపేశాను. నవలలు మాత్రం ఎంత పెద్దవైనా విడవకుండా చదువుతాను. కథలూ నవలలూ చదివి ఆర్థికశాస్త్రం నేర్చుకోవచ్చునా? ఈ మాట అంటే మా అన్నయ్య, "కల్పన చదివి లెక్కలు నేర్చుకుంటావా?" అని నవ్వాడు. నేర్చుకోవచ్చు అంటే ఏవి చదవాలి, ఎలా చదవాలి? పాఠం చెప్పడం కోసమే ఆర్థికవేత్తలు రాసిన నవలలు ఉన్నాయట, వాటితో మొదలుపెట్టమంటారా?
— ఒక పాఠకురాలు

సమాధానం: నేర్చుకోవచ్చు. కాకపోతే మీరు ఇప్పటివరకూ నవల చదువుతూ వచ్చిన తీరులో ఒక మార్పు చేసుకోవాలి. మామూలుగా కథలో డబ్బు ప్రస్తావన వస్తే మనం దాన్ని దాటుకుని, దాని వల్ల జరిగిన పెళ్లి కోసమో, తెగిన స్నేహం కోసమో ముందుకు వెళ్లిపోతాం. మీరు అనుకుంటున్న పనికి దానికి సరిగ్గా ఎదురు నడవాలి. డబ్బో, ధాన్యమో, భూమో, ఒక రోజు శ్రమో ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి మారే చోట ఆగి, ఎవరు ఏమిచ్చారు, బదులుగా ఏం పుచ్చుకున్నారు, ఆ బేరానికి ఎందుకు ఒప్పుకున్నారు, ఒప్పుకోకపోతే వారికి ఇంకే దారి ఉండేది అని అడగాలి. ఈ చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. మీ అన్నయ్య సందేహంలోనూ కొంత న్యాయం ఉంది. దాని సంగతి తరవాత చెబుతాను.

పాఠ్యపుస్తకం రేఖల దగ్గర మీరు ఆగిపోవడానికి మీ తెలివి తక్కువై కాదు. గిరాకీ రేఖ అంటే ఏ ధరకు ఎంత కొంటామన్న వేలమంది మనుషుల నిర్ణయాలను కలిపి, వాటిలోని మనుషులను తీసేసి గీసిన గీత. ఒక మనిషి ధర విని, జేబు తడుముకుని, చేతిలో ఉన్న వస్తువును తిరిగి అక్కడే పెట్టి వెళ్లిపోవడం ఆ గీతకు ముందే జరిగిపోయింది. కథలో ఆ మనిషి ఉంటాడు. అతన్ని ముందు చూసినవారికి ఆ తరవాత గీత బోధపడుతుంది. అతన్ని ఎన్నడూ చూడనివారికి అది గీతగానే మిగిలిపోతుంది.

ఈ తేడా చూడడానికి పాఠ్యపుస్తకమూ నవలా ఇద్దరూ వాడుకున్న ఒక పాత్ర ఉన్నాడు. 1719లో వచ్చిన డేనియల్ డీఫో నవలలోని రాబిన్సన్ క్రూసో ఆర్థికశాస్త్ర పుస్తకాలలో తరచుగా కనిపిస్తాడు. అక్కడ అతను ఓడ విరిగి ఒక దీవిలో చిక్కుకున్న ఒంటరి మనిషి. ఉన్న సమయంలో చేపలు పట్టడానికి ఎంత, గుడిసె కట్టుకోవడానికి ఎంత కేటాయించుకోవాలన్నది అతని సమస్య. నవలలోని క్రూసో పరిస్థితి అలా లేదు. ఒడ్డుకు చేరిన పదమూడు రోజుల్లో అతను విరిగిన ఓడ దగ్గరికి పదకొండుసార్లు వెళ్లి పనిముట్లు, తుపాకులు, మందుగుండు, తిండి మోసుకొచ్చాడు. ఎవరెవరో చేసిన శ్రమ పెట్టుబడిగా మారి అతనితో పాటు దీవికి వచ్చిందన్న మాట. ఆ ఓడలోనే అతనికి సుమారు 36 పౌండ్ల డబ్బు దొరుకుతుంది. దీవిలో దానికి కొనేదేమీ లేదు, ఈ కుప్పంతటికంటే ఒక్క కత్తి నయమని అతనే అంటాడు. అని, మళ్లీ ఆలోచించి, ఆ డబ్బును కూడా గుడ్డలో కట్టుకుని తెచ్చుకుంటాడు. డబ్బుకు విలువ దానిలో లేదనీ, రేపు దాన్ని పుచ్చుకునే మనిషి ఒకరు ఉంటారన్న నమ్మకంలో ఉందనీ ఇంత తక్కువ మాటల్లో చెప్పిన పాఠ్యపుస్తకాన్ని నేను చూడలేదు.

ఇక అప్పు గురించి. మీరు మొట్టమొదట చదవవలసింది నవల కాదు, ప్రేమ్‌చంద్ హిందీలో రాసిన 'సవా సేర్ గేహూఁ' అనే చిన్న కథ. సేరుంబావు గోధుమలని దాని అర్థం. శంకర్ అనే పేద రైతు, ఇంటికి వచ్చిన సాధువుకు వండి పెట్టడానికి సేరుంబావు గోధుమలు అప్పు తెస్తాడు. పంట వచ్చాక, అప్పిచ్చిన విప్రుడికి ఏటా ఇచ్చే ధాన్యంతో పాటు ఇంకొంత కలిపి కొలిచి, అప్పు తీరిపోయిందనుకుంటాడు; నోటితో మాత్రం ఆ మాట అనడు. ఏడేళ్ల తరవాత విప్రుడు పిలిచి, అయిదున్నర మణుగుల గోధుమలు బాకీ ఉన్నావంటాడు. పంటల వేళ ఎక్కువగా ఇచ్చినదంతా దానంగా ఇచ్చినదే తప్ప అప్పు కింద జమ కాదంటాడు.

ఇక్కడ ఆగి కాగితం తీసుకోండి. ఆ కొలతలో మణుగుకు 40 సేర్లు, కనుక అయిదున్నర మణుగులంటే 220 సేర్లు. సేరుంబావు 220 సేర్లు అయిందంటే 176 రెట్లు పెరిగిందన్న మాట. ఏడేళ్లలో ఇంత కావాలంటే బాకీ ఏటా రెట్టింపుకు మించి పెరగాలి. వడ్డీ లెక్కలో చెబితే నూటికి ఏడాదికి సుమారు 109. ఆ రేటున మొదటి ఏడాది చివర బాకీ రెండున్నర సేర్లు దాటుతుంది, మూడో ఏడాదికి 11 సేర్లు అవుతుంది, అయిదో ఏడాదికి 50, ఆరో ఏడాదికి 105, ఏడో ఏడాదికి 220. మొదటి మూడేళ్లలో శంకర్‌కు చెప్పి ఉంటే ఒక్క పంటతో తీర్చగలిగిన బాకీ అది. చివరి ఒక్క ఏడాదిలో పెరిగినది అంతకు ముందు ఆరేళ్లలో పెరిగినదానికంటే ఎక్కువ. చక్రవడ్డీ గురించి ఎన్ని సూత్రాలు వల్లించినా, అప్పిచ్చినవాడు ఏడేళ్లు నోరు విప్పకుండా ఊరుకోవడానికి ఉన్న ఖరీదు ఎంతో ఈ లెక్కలోనే అర్థమవుతుంది.

కథ అంతటితో ఆగదు. బాకీని 60 రూపాయలుగా కట్టి పత్రం రాయించుకుంటారు. శంకర్ ఏడాదిపాటు కడుపు కట్టుకుని ఆ 60 రూపాయలు పోగుచేసి తీసుకువెళితే, వడ్డీ కింద ఇంకో 15 రూపాయలు అడుగుతాడు విప్రుడు. ఆ 15 రూపాయలు ఊళ్లో ఎవరూ అప్పివ్వరు. అందుకు కారణం వాళ్ల దగ్గర డబ్బు లేకపోవడమూ కాదు, శంకర్ మీద నమ్మకం లేకపోవడమూ కాదు. విప్రుడి చేతిలో చిక్కినవాడి జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. రుణం దొరికే చోటు ఒక్కటే అయినప్పుడు వడ్డీ రేటు ఎవరి చేతిలో ఉంటుందో దీనికంటే స్పష్టంగా చెప్పడం కష్టం. ఆ తరవాత జరిగినదే నన్ను ఎక్కువగా ఆపింది. ఏడాదంతా అంత పొదుపుగా బతికిన శంకర్, అప్పు ఎలాగూ తీరదని తేలాక పొదుపు మానేస్తాడు. ఎంత కష్టపడినా ఆ ఫలితం అప్పిచ్చినవాడికే పోతుందని తెలిసినప్పుడు మనిషి కష్టపడడం ఎందుకు మానేస్తాడన్నది, అప్పుల్లో మునిగిన సంస్థల గురించీ దేశాల గురించీ ఆర్థికవేత్తలు నేటికీ చర్చించే ప్రశ్న. పేదవాడికి పొదుపు తెలియదనే మాట ఎవరైనా అన్నప్పుడల్లా నాకు శంకర్ గడిపిన ఆ ఒక్క ఏడాది గుర్తుకొస్తుంది. చివరికి అతను ఇరవై ఏళ్లు వెట్టిచాకిరీ చేసి చనిపోతాడు, అతని కొడుకు ఆ బాకీలోకి వస్తాడు. దీని తరవాత కాళీపట్నం రామారావు 'యజ్ఞం' చదవండి. అదీ ఒక అప్పు మీద జరిగిన పంచాయితీ కథే. అప్పు ఎంత అన్న లెక్క దాటి, అసలు అప్పు ఎలా పుట్టింది అనే చర్చలోకి ఆ కథ వెళుతుంది.

కూలి గురించి తెలుసుకోవడానికి జాన్ స్టైన్‌బెక్ 1939లో రాసిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' ఉంది. కరవూ, దుమ్ము తుఫానులూ, బ్యాంకు బాకీలూ కలిసి భూముల నుంచి వెళ్లగొట్టిన ఓక్లహోమా కుటుంబం ఒకటి, పళ్లు కోయడానికి మనుషులు కావాలన్న కరపత్రం పట్టుకుని కాలిఫోర్నియాకు బయలుదేరుతుంది. దారిలో, అప్పటికే అక్కడికి వెళ్లి సర్వం పోగొట్టుకుని తిరిగి వస్తున్న ఒకతను ఆ కరపత్రం లెక్క విప్పి చెబుతాడు. యజమానికి కావలసింది 800 మంది, అచ్చు వేయించేది 5,000 కాగితాలు. వాటిని చూసి రెండు మూడు వేలమంది కదిలి వస్తారు. ఒక్క పనికి ముగ్గురు నిలబడినప్పుడు, పిల్లలు ఆకలితో ఉన్నవాడు అందరికంటే తక్కువ కూలికి ఒప్పుకుంటాడు. సరఫరా పెరిగితే ధర పడుతుందన్న వాక్యం మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. సరఫరాను ఒకరు కావాలని, డబ్బు ఖర్చుపెట్టి పెంచవచ్చునని ఆ వాక్యం చెప్పదు.

ఆ నవలలోనే ఇంకో చోట థామస్ అనే చిన్న రైతు తన కూలీలకు గంటకు 30 సెంట్లు ఇస్తుంటాడు. ఒక రోజు పొద్దున్నే వచ్చి, ఇక నుంచి 25 సెంట్లే ఇవ్వగలనని చెబుతాడు. అతనికి అది ఇష్టం లేదు. రైతుల సంఘం అలా నిర్ణయించింది, ఆ సంఘం ఒక బ్యాంకు చేతిలో ఉంది, వచ్చే ఏడాది పంట రుణానికి అతను ఆ బ్యాంకు దగ్గరికే వెళ్లాలి. నవల మీద కోపంతో దాన్ని ఒట్టి ప్రచారమని కొట్టిపారేసేవారూ, నవల మీద ప్రేమతో యజమానులందరూ దుర్మార్గులని అనుకునేవారూ ఇద్దరూ ఈ రెండు మూడు పేజీలు తొందరగా దాటేస్తారని నా అభిప్రాయం. శ్రమను కొనేవాళ్లు కొద్దిమందే ఉండి, వాళ్లు ఒక మాట మీద ఉంటే కూలి ఎలా నిర్ణయమవుతుందో, మంచివాడు కూడా ఆ మాట ఎందుకు దాటలేడో ఈ సన్నివేశం ఎవరినీ తిట్టకుండా చూపిస్తుంది.

ద్రవ్యోల్బణానికి, అంటే ధరలు పెరిగి డబ్బు విలువ పడిపోవడానికి, నేను రెండు నవలలను పక్కపక్కన పెట్టి చదవమంటాను. 1813 నాటి జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో కథానాయకుడు డార్సీకి ఏడాదికి పది వేల పౌండ్ల ఆదాయం ఉందని ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆ అంకె వినగానే ఆనాటి పాఠకులు దాని వెనక ఎంత ఆస్తి ఉందో ఊహించగలిగేవారు. ఆస్తి మీద వచ్చే రాబడి నూటికి అయిదు ప్రాంతంలో ఉండేది కనుక అది సుమారు రెండు లక్షల పౌండ్ల ఆస్తి. ఆస్టెన్, ఫ్రెంచి రచయిత బాల్జాక్ తమ నవలల్లో ఇంత ధైర్యంగా అంకెలు రాయగలగడానికి అప్పటి డబ్బు విలువ దశాబ్దాల తరబడి నిలకడగా ఉండడమే కారణమని ఫ్రెంచి ఆర్థికవేత్త థామస్ పికెటీ 2013 నాటి తన పుస్తకంలో గుర్తు చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత నవలల్లో అటువంటి అంకెలు తగ్గిపోయాయని కూడా ఆయనే అన్నాడు.

రెండో నవల ఎరిక్ మరియా రిమార్క్ రాసిన 'ది బ్లాక్ ఒబెలిస్క్'. 1923లో జర్మనీలో సమాధిరాళ్లు అమ్మే ఒక చిన్న సంస్థ కథ అది. రాయి అరువు మీద అమ్మితే, డబ్బు చేతికి వచ్చేనాటికి దానితో ఏమీ రాదు. కార్మికులకు రోజుకు రెండుసార్లు జీతం ఇచ్చి, ఆ డబ్బు విలువ పడిపోకముందే ఏదో ఒకటి కొనుక్కు రమ్మని అరగంట సెలవిస్తారు. ఆ ఏడాది నవంబరుకు ఒక డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. ఆ అంకె మనసుకు పట్టదు, కానీ నవలలోని భోజనం టికెట్లు పడతాయి. కథానాయకుడూ అతని యజమానీ ఒక హోటల్లో భోజనం టికెట్ల పుస్తకాలు ముందుగానే పెద్ద ఎత్తున కొనిపెట్టుకుంటారు. ధరలు ఎంత పెరిగినా ఆ టికెట్టుకు భోజనం పెట్టక తప్పదు. వాళ్లు గుమ్మంలో కనబడితే చాలు, హోటలు యజమాని ప్రాణం ఉసూరుమంటుంది. డబ్బు కరిగిపోతున్నప్పుడు డబ్బు ఇస్తానన్న హామీ పట్టుకున్నవాడు మునిగాడు, భోజనం ఇస్తానన్న హామీ పట్టుకున్నవాడు తేలాడు. ద్రవ్యోల్బణం అందరినీ ఒకేలా ముంచదు, ఒకరి ఆస్తిని ఇంకొకరికి బదిలీ చేస్తుంది అనే సంగతి ఆ టికెట్లలోనే ఉంది. తనఖా, ఆస్తి విలువ వంటి విషయాలకు గొగోల్ 'డెడ్ సోల్స్' కూడా చదవండి. చనిపోయినా జనాభా జాబితాలో ఇంకా పేరున్న బానిస రైతులను కాగితం మీద కొని, వాళ్లను తాకట్టు పెట్టి అప్పు తీసుకోవాలని బయలుదేరిన మనిషి కథ అది.

పాఠం చెప్పడానికే రాసిన నవలల గురించి అడిగారు. ఆ సంప్రదాయం పాతదే. 1832, 1834 మధ్య హారియట్ మార్టినో రాజకీయ ఆర్థికశాస్త్రాన్ని వివరించే కథలు నెలనెలా వెలువరించింది, వాటిని ఎంతోమంది చదివారు. ప్రతి సంపుటంలోనూ, కథ దేన్ని నిరూపించిందో సూత్రాల జాబితాగా ఇచ్చేవారు. 1978లో ఇద్దరు ఆర్థిక శాస్త్రాచార్యులు మార్షల్ జెవన్స్ అనే కలం పేరుతో 'మర్డర్ ఎట్ ది మార్జిన్' అనే అపరాధ పరిశోధన నవల రాశారు. అందులో నేరస్థుణ్ణి పట్టుకునేది ఒక ఆర్థికవేత్త. ఇవి చెడ్డ పుస్తకాలు కావు, భావనల పేర్లు పరిచయం కావడానికి పనికొస్తాయి. అయినా వీటితో మొదలుపెట్టవద్దని చెబుతాను. ఇలాంటి కథలో ఎవరి మాట నెగ్గాలో ముందే తేలిపోయి ఉంటుంది. ఎదుటి పాత్ర అడగవలసిన అసలైన ప్రశ్న అడగదు. శంకర్ పొదుపు మానేసిన క్షణం వంటిది, రచయితే ముందుగా అనుకోని నిజం, వాటిలో దొరకడం అరుదు. పైగా మీరు సాహిత్యం చదివినవారు. పాత్ర నోట్లోంచి పాఠం వినబడగానే మీకు ఆసక్తి పోతుంది.

ఇప్పుడు మీ అన్నయ్య సందేహం దగ్గరికి వస్తాను. కథ ఒక బేరాన్ని ఎంత దగ్గరగా చూపించినా, అటువంటి బేరాలు లోకంలో ఎన్ని జరుగుతున్నాయో చెప్పలేదు. అంతేకాదు, కథలో ఫలితం రచయిత చేతిలో ఉంటుంది. ఎడ్వర్డ్ బెలమీ 1888లో రాసిన 'లుకింగ్ బ్యాక్‌వర్డ్'లో 2000 సంవత్సరానికి పరిశ్రమలన్నీ జాతి సొంతమై, అందరూ సుఖంగా ఉంటారు. 1957లో అయాన్ రాండ్ రాసిన 'అట్లాస్ ష్రగ్డ్'లో ప్రభుత్వం పరిశ్రమల మీద పెత్తనం చేయబోయి దేశాన్ని కూల్చేస్తుంది. ఈ రెండూ లక్షలమందిని కదిలించాయి. కానీ బెలమీ ఏర్పాటు నిజంగా నడుస్తుందనడానికీ, రాండ్ ఊహించిన పతనం నిజంగా జరుగుతుందనడానికీ ఆ నవలలే సాక్ష్యం కావు. ఒక వ్యవస్థ పనిచేస్తుందా లేదా అనే ప్రశ్నకు నవలను రుజువుగా తీసుకోవద్దు. ఒక మనిషి ఆ వ్యవస్థలో ఏయే దారుల మధ్య ఇరుక్కున్నాడు అనే ప్రశ్నకే తీసుకోండి.

దీని మీద చార్లెస్ డికెన్స్ 1854లో 'హార్డ్ టైమ్స్'లో ఒక సన్నివేశం రాశాడు. గురువు సిస్సీ అనే పిల్లను అడుగుతాడు: ఈ తరగతి గది ఒక దేశం, ఈ దేశంలో 5 కోట్ల ధనం ఉంది, ఇది సంపన్న దేశమా కాదా? ఆ డబ్బు ఎవరి దగ్గర ఉందో, అందులో తనకు ఏమైనా వస్తుందో తెలియకుండా చెప్పలేనంటుంది ఆ పిల్ల. పది లక్షలమంది ఉన్న పట్నంలో ఏడాదికి 25 మందే ఆకలితో చచ్చిపోతే దాన్ని ఏమంటావని మళ్లీ అడుగుతాడు. మిగిలినవాళ్లు ఎంతమంది ఉన్నా చచ్చిపోయినవాళ్లకు అది అంతే కష్టం కదా అంటుంది. రెండు జవాబులూ తప్పని గురువు తేలుస్తాడు. చదివినవారందరూ సిస్సీ పక్షాన నిలబడతారు, నేనూ అంతే. ముఖ్యంగా మొదటి జవాబు, దేశం మొత్తం ఆదాయాన్ని జనాభాతో భాగిస్తే వచ్చే తలసరి ఆదాయం అనే అంకె ఏమి దాచిపెడుతుందో చెప్పే మాట.

అయితే రెండో జవాబు దగ్గర కాసేపు ఉండండి. చచ్చిపోయినవాళ్లకు అది అంతే కష్టమన్నది నిజం. కానీ గత ఏడాది 250 మంది చచ్చిపోయి ఈ ఏడాది 25 మంది చచ్చిపోతే, ఏదో ఒకటి మారిందన్న మాట, అదేమిటో తెలుసుకుంటే ఆ 25 మందినీ కూడా బతికించవచ్చు. అది తెలుసుకోవడానికి గురువు వేసే లెక్కే కావాలి. సిస్సీకి లెక్క రాదు, గురువుకు సిస్సీ చూపు లేదు. మీకు ఆ చూపు ఉంది, అందుకే లెక్క కూడా నేర్చుకోమంటున్నాను. నవల పాఠ్యపుస్తకానికి బదులు కాదు. మీరు మూడోసారి పాఠ్యపుస్తకం తెరిచినప్పుడు రేఖల దగ్గర ఆగిపోకుండా చేయగలిగేది మాత్రం నవలే.

కనుక పద్ధతి ఇది. ఒక్కో కథ చదివాక, అందులో చేతులు మారిన ఒకే ఒక్క బేరాన్ని ఎంచుకుని, నేను మొదట చెప్పిన నాలుగు ప్రశ్నలకూ ఒక పేజీలో జవాబు రాయండి. కథలో అంకె ఉంటే దాటవద్దు, లెక్క కట్టండి. ఆ తరవాత పాఠ్యపుస్తకంలో దానికి సంబంధించిన ఒక్క అధ్యాయమే చదవండి: శంకర్ తరవాత వడ్డీ, రుణం, కరపత్రాల తరవాత శ్రమ మార్కెట్టు, భోజనం టికెట్ల తరవాత ద్రవ్యోల్బణం, సిస్సీ తరవాత జాతీయాదాయం. పుస్తకం మొదటి పేజీ నుంచి వరసగా చదవాలన్న నియమం ఏమీ లేదు. అధ్యాయం చదివాక కథ దగ్గరికి తిరిగి వెళ్లి, పుస్తకం చెప్పినది అక్కడ ఎంతవరకు సరిపోయిందో, ఎక్కడ సరిపోలేదో చూసుకోండి. సరిపోని చోటే మీ తరవాతి ప్రశ్న ఉంటుంది.

ఈ వారం ప్రేమ్‌చంద్ కథతో మొదలుపెట్టండి. చదవడానికి అరగంట కూడా పట్టదు. నేను పైన ఇచ్చిన లెక్కను నమ్మకుండా, సేరుంబావు దగ్గర మొదలుపెట్టి ఏడేళ్ల బాకీని మీ చేత్తో మీరే వేసి చూసుకోండి. వడ్డీ నూటికి 109 కాక 24 అయితే బాకీ ఎంత అయ్యేదో కూడా పక్కన వేయండి. ఆ కాగితాన్ని మీ అన్నయ్యకు చూపించండి.